మా ఇంట్లోకి తోలు వచ్చినప్పుడు

తోలుకి కొబ్బరినూనె రాయకండి. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే నా బాధ్యత తీరిపోతుంది. మిగతా ఊళ్ళలో ఎవరికీ ఈ మాట చెప్పాల్సిన అవసరం ఉండదేమో. మా కోనసీమలో చెప్పి తీరాలి. తలకి, ఒంటికి, కిర్రుమనే తలుపుకి, కుట్టుమిషనుకి, దెబ్బ తగిలితే దెబ్బకి, అన్నిటికీ మాకు ఒకటే మందు. దాన్ని రాయకూడని వస్తువు ఒకటి లోకంలో ఉందంటే మావాళ్ళు నమ్మరు. నేనూ నమ్మలేదు.

ఆ వానాకాలం ఒకరోజు దుప్పటి కోసం మా ఆవిడ బీరువా తెరిచాను. ఆవిడ పోయి అప్పటికి ఏడాది దాటింది. అడుగు అరలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆవిడ హ్యాండ్ బ్యాగు ఉంది. కాఫీ రంగు తోలు బ్యాగు. ఇప్పుడు దాని రంగు తెలియడం లేదు. ఒళ్ళంతా తెల్లగా బూజు పట్టి, పిండిలో దొర్లించి తీసినట్టుంది. చూసి నాకు ఏమీ అనిపించలేదు. బూజు పట్టిందే, అనుకున్నాను, అంతే. ఆవిడ పోయినప్పటినుంచీ నా పరిస్థితి అదే. పళ్ళ డాక్టరు సూదిమందు ఇచ్చాక దవడ ఉంటుంది చూడండి, తడిమితే చేతికి తగులుతుంది గానీ మనది అనిపించదు. అలా ఉండేది నాకు. బ్యాంకుకి వెళ్ళేవాణ్ణి, వచ్చేవాణ్ణి. అమలాపురంలో ఆ ఇంట్లో నేనూ నాన్నగారే. మాకు పిల్లలు లేరు. వంటమనిషి పొద్దున వండి వెళ్ళిపోతే రెండు పూటలా అదే తినేవాళ్ళం. ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆయన పేపరులో ఏదో ఒకటి చదివి వినిపించేవారు, నేను ఊఁ కొట్టేవాణ్ణి. రోజు మొత్తంలో నా చెవిన పడే మనిషి గొంతు, బ్యాంకు గొడవ కానిది, అదొక్కటే.

బ్యాగు తీసి తడిగుడ్డతో గదిలోనే తుడిచాను. అది మొదటి తప్పు. బూజుని ఇంట్లో దులిపితే పక్క బట్టలకీ, చెక్కకీ అంటుకుంటుంది. పెరట్లోకి తీసుకెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మెత్తటి పొడి బ్రష్షుతో దులపాలి. తడిపినది ఆరాలని ఎండలో పెట్టాను. అది రెండో తప్పు. ఎండలో తోలు అప్పడంలా బిర్రబిగుస్తుంది. నీడలో, గాలి ఆడేచోట, లోపల తెల్లకాగితాలు కుక్కి ఆరబెట్టాలి. కాగితాలంటే పేపరు ఉండలు కాదు, ఆ సిరా లోపలికి దిగుతుంది. బిగుసుకుపోయింది కదా అని మెత్తబడటానికి గానుగ దగ్గర తెచ్చిన కొబ్బరినూనె అరచేత్తో పట్టించాను. పసిపిల్లకి పట్టించినట్టు పట్టించాను. బ్యాగు నల్లబడింది. నాలుగైదు రోజులకి నూనె ముక్కిపోయిన వాసన. ఆ వెనకే చీమలు. ఆ చీమల వెనకే మళ్ళీ బూజు, ఈసారి ఇంకా ఒత్తుగా. గోరుచుట్టు మీద రోకటిపోటు.

నూనె లాగడానికి పిండి చల్లమని ఫోన్లో ఏదో వీడియోలో చెప్పారు. వాళ్ళు చెప్పింది మొక్కజొన్న పిండి. నేను మన బియ్యప్పిండి చల్లాను. చీమలకి విందు. చివరికి వాసన లేని టాల్కం పౌడరు ఒత్తుగా జల్లి, ఒక పూట ఉంచి, దులిపి, మళ్ళీ జల్లి, అలా చేయగా చేయగా కొంత నూనె బయటికొచ్చింది. ఆ తర్వాత సగం వెనిగరు, సగం నీళ్ళు కలిపి గుడ్డ పిండేసి పైపైన తుడిచాను. అడుగున కనపడని మూల ముందు కాస్త తుడిచి చూసుకోవాలి, రంగు వదులుతుందేమో. తేనెమైనం కలిసిన క్రీము తెప్పించి పల్చగా రాసి పొడిగుడ్డతో రుద్దాను. మునుపటి రంగు రాలేదు. చెరుకుపానకం రంగులో నిలిచింది. కానీ మళ్ళీ బ్యాగు అయింది.

అది చేస్తున్నంతసేపూ నేను ఇంకేమీ అనుకోలేదని తర్వాత గమనించాను. అనుకోకపోవడం నాకు కొత్త కాదు. కానీ ఇందులో చేతులకి పని ఉంది. అదే చాలనిపించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, అక్కణ్ణుంచి నేను ఆగలేదు. సూదులు, దారం, మైనం, చిన్న సుత్తి, తోలు ముక్కల సంచి, ఒక్కొక్కటే పార్సిళ్ళు రావడం మొదలైంది.

ఇక్కడ నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మలికిపురం దగ్గర ఒక పల్లెలో, ఊరికి దూరంగా ఉండే పేటలో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, లెక్కల మాస్టారై, హైస్కూలు నడిపి, పెన్షను పుచ్చుకుంటున్నారు. ఎనభై దగ్గర పడుతున్నా ఇస్త్రీ చొక్కా లేకుండా గేటు దాటరు. జీవితమంతా కాన్వాసు బూట్లు, గుడ్డ బెల్టు, రెగ్జిన్ సంచి. ఆయన వాచీకి కూడా స్టీలు గొలుసే. మా ఇంట్లోకి తోలు వస్తువు వచ్చేది కాదు. చిన్నప్పుడు తోలు బెల్టు కావాలని నేను ఏడిస్తే, "గుడ్డది గట్టిది రా," అన్నారు. పొదుపనుకున్నాను. మా తాతయ్య తోలుపని చేసేవాడని నాకు తెలుసు. తెలుసంటే, ప్రతి ఇంట్లోనూ ఎవరూ చెప్పకుండానే తెలిసే విషయాలు కొన్ని ఉంటాయి, అలా తెలుసు. నేను పుట్టకముందే ఆయన పోయాడు. ఫోటో కూడా లేదు.

మా ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆ బ్యాగు రాజమండ్రిలో కొన్ననాడే నాన్నగారి ముందు పెట్టి, "మావయ్యగారూ, ఇది రెగ్జినేనండీ," అంది. "ఆయ్, బాగుందమ్మా," అన్నారాయన. అదేం అబద్ధమని నేను లోపలికెళ్ళి అడిగితే, "మీకు తెలీదులెండి," అంది. తోలుకీ రెగ్జిన్‌కీ తేడా ఏ గుడ్డివాడైనా ముక్కుతో చెప్తాడు. అంచు చూసినా తెలుస్తుంది, తోలైతే పీచుపీచుగా ఉంటుంది, రెగ్జిన్ అయితే కింద గుడ్డ కనిపిస్తుంది. రెగ్జిన్ పొట్టు లేచిందంటే దానికి ఏ మందూ లేదు, ఆశ వదులుకోవడమే. నాన్నగారికి ఆ తేడా తెలియకపోవడమేమిటి? తెలిసే ఊరుకున్నారు. ఆయన కోసం ఒక అబద్ధం చెప్పే మనిషి ఇంట్లో ఉన్నందుకు సంతోషించి ఉంటారని ఇప్పుడనిపిస్తుంది.

నేను ఏ అబద్ధమూ చెప్పలేదు. అసలు ఆలోచించలేదు. హాలులో బల్ల మీద వార్తాపత్రిక పరిచి, చర్చి నుంచి రాగానే ఆదివారం మధ్యాహ్నాలు కూర్చునేవాణ్ణి. మొదట పర్సులు. కుట్టు ఎంత పొడవుందో దారం దానికి నాలుగింతలు తీసుకోవాలి, తక్కువైతే మధ్యలో ఏడుపే. రెండు కొసలకీ రెండు సూదులు, ఒకే కన్నంలోంచి అటూ ఇటూ. నా కుట్టు పైవైపు ఏటవాలుగా, కిందివైపు తిన్నగా వచ్చేది. కారణం దొరకడానికి చాలా కాలం పట్టింది. మొదట ఏ సూది ముందు దూరిందో ప్రతిసారీ అదే ముందు దూరాలి, రెండో దారం ప్రతిసారీ మొదటిదానికి ఒకే పక్క నుంచి రావాలి. నేను టీవీ చూస్తూ మార్చేసేవాణ్ణి. మెత్తని తోలు మీద దారాన్ని కసిగా లాగితే కుట్టు దగ్గర ముడుచుకుంటుంది. జిగురు రెండువైపులా రాసి, వేలికి అంటీ అంటకుండా అయ్యాక అతికించాలి. సీసా మీద రాసిన టైము మన వానాకాలానికి పనికిరాదు, ఇక్కడి గాలిలో దానికి రెట్టింపు పడుతుంది. రంగు వేసేటప్పుడు చేతికి తొడుగులు మరిచిపోతే మర్నాడు కౌంటర్లో జనం మీ వేళ్ళే చూస్తారు.

ఇంతవరకూ నాన్నగారు ఏమీ అనలేదు. వచ్చినవన్నీ మందులు వేసి పదును చేసిన తోళ్ళు, వాటికి కొత్త కారు వాసన ఉంటుంది. తర్వాత అంచులు నున్నగా రుద్దితే మెరిసే తోలు కావాలని, చెట్టు బెరడుతో పదును చేసినది తెప్పించాను. ఆ మందుల తోలు అంచు ఎంత రుద్దినా నున్నబడదు, దూదిలా లేస్తుంది. ఇది రుద్దితే కొయ్యలా నిగనిగలాడుతుంది. పార్సిలు విప్పగానే ఇల్లంతా మరో వాసన. ఘాటుగా, వగరుగా, తడిసిన కలపలాంటి వాసన. నాన్నగారు పక్కగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బల్ల మీద కొత్త పరికరాలు పరిచి ఉన్నాయి. చెక్కపిడి ఉన్న సన్నటి మొన ఒకటి చేతిలోకి తీసుకుని చూశారు.

"అది స్టిచింగ్ ఆల్ అండీ," అన్నాను. "కన్నాలు పొడవడానికి."

"ఆరె," అన్నారాయన. "దాన్ని ఆరె అంటారు." జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఆయన తన మంచాన్ని వెనక వసారాలోకి జరిపించుకున్నారు. పనిమనిషిని పిలిచి, నన్ను పిలవకుండా. ఎందుకని అడిగితే గాలి బాగుంటుందన్నారు. అన్నం పళ్ళెం కూడా అక్కడికే. పేపరు చదివి వినిపించడం ఆగిపోయింది. వారం తిరక్కుండా రాజోలులో ఉన్న మా చెల్లెలు ఫోను చేసింది. "నాన్నగారు మా ఇంటికి వచ్చేస్తానంటున్నారన్నయ్యా. నెలాఖరుకి కారు పంపమన్నారు. మీరేవన్నా అనుకున్నారా?" అంది. ఏమీ అనుకోలేదన్నాను. నిజమే కదా, ఒక్క మాట అనుకుంటే కదా. ఫోను పెట్టేసి, ఆయన వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కణ్ణే అని ఒకసారి పైకి అని చూశాను. మాటలు వినిపించాయి. భయం వేయాలని తెలుసు. వేయలేదు. వెళ్ళి మైనం కరిగించుకున్నాను.

ఆయన బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆ రెగ్జిన్ సంచిలోనే. నేను చూస్తూ కుట్టేవాణ్ణి. ఇది హాబీ, అనుకునేవాణ్ణి. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఆన్‌లైన్లో కొన్నది, ఫారిన్ వాళ్ళు చేసేది, బ్యాంకు ఆఫీసరు ఆదివారం పూట చేసుకునేది. పేటకీ దీనికీ ఏ సంబంధం?

సంబంధం చెప్పినవాడు మా ఎదురింటాయన. పెద్ద రైతు. కొబ్బరితోటలు, బోలెడు మర్యాద. ఆయన నోట అండీ లేని వాక్యం నేను వినలేదు. ఒక సాయంత్రం గేటు దగ్గర నా చేతిలో కొత్త పర్సు చూసి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అంచు వేలితో రాసి చూశారు.

"మీరే కుట్టేరాండీ? అబ్బ! కుట్టంటే కుట్టండీ ఇది. చెయ్యి తిరిగిన పని. ఎంతైనా..." అని ఆగారు. పర్సు నా చేతికిచ్చేసి, "వస్తానండీ, ఆఫీసరుగారూ," అని వెళ్ళిపోయారు.

ఎంతైనా. తెలుగువాళ్ళకి ఈ మాట తర్వాత ఏం రావాలో చెప్పక్కర్లేదు. ఎంతైనా తండ్రి పోలిక. ఎంతైనా ఆ ఇంటి పిల్ల. అది ఎప్పుడూ వెనక్కి, పుట్టుక దాకా చూపించే వేలు. నాకు అర్థమైంది. అర్థమై కూడా ఏమీ అనిపించలేదు. "థాంక్సండీ," అని కూడా అన్నాను. లోపలికొచ్చి బూట్లు విప్పుకుని మొహం కడుక్కున్నాను.

నెలాఖరు ముందు శుక్రవారం. బ్యాంకు నుంచి వచ్చేసరికి నాన్నగారు వెనక వసారాలో కాదు, ముందు హాలులో నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు. బల్ల మీద ఆయన ముందు ఒక జత చెప్పులు. తోలువి, మగవాళ్ళవి, వాడి వాడి మడమ దగ్గర అరిగినవి. ఒకదాని పట్టీ తెగింది.

"ఎదురింటాయన వచ్చేడు," అన్నారు నాన్నగారు. "గేటు బయట పెట్టి బెల్లు కొట్టేడు. 'మేస్టారూ, అబ్బాయిగారికి చెప్పండి, తొందరేం లేదండీ, తీరుబాటుగా కుట్టమనండి' అన్నాడు. నేనే లోపలికి తెచ్చేను."

తెగిన పట్టీ వైపు చూశాను.

"నీకు పని వచ్చిందిరా," అన్నారాయన.

కోపంగా అనలేదు. ఎగతాళిగా కూడా అనలేదు. పరీక్ష ఫలితం చదివినట్టు చదివారు. పిల్లవాడు తప్పాడని పది మందిలో చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన గొంతు అలాగే ఉండేది. ఆ చెప్పుల్ని రెండు చేతులా మోసుకుని, ముందు గేటులోంచి, మెట్లెక్కి, ఈ హాలులోకి తెచ్చిన ఆయన్ని తలుచుకున్నాను. అరవై ఏళ్ళుగా వాచీ పట్టీ కూడా తోలుది కట్టని మనిషి.

చెవులు కాలాయి. ముందది ఏమిటో తెలియలేదు, జ్వరమేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, కోపం. మా ఆవిడ పోయాక నాకు వచ్చిన మొదటి కోపం. చెప్పులు తీసుకుని రోడ్డు దాటాను.

ఎదురింటాయన వరండాలో ఉయ్యాలబల్ల మీద ఉన్నారు. నన్ను చూసి లేచారు. "రండి రండి ఆఫీసరుగారూ! అప్పుడే అయిపోయిందాండీ?"

"నేను చెప్పులు కుట్టనండీ," అన్నాను.

"అయ్యో, అలాగాండీ? సరదాగా చేస్తున్నారు కదాని..."

"మీ ఆవిడగారు డాబా మీద వంకాయలు పండిస్తారు కదండీ, సరదాకి. మా ఇంటికి రోజూ బుట్టెడు పంపించమని నేనెప్పుడన్నా అడిగేనాండీ?"

ఆయన నవ్వబోయి మానేశారు. నేను చెప్పులు మెట్టు మీద పెట్టాను. అంతటితో వచ్చేయొచ్చు. రాలేకపోయాను.

"మొన్న ఎంతైనా అని ఆగేరు. మిగతాది ఏవిటండీ?"

ఆయన చూపు నా మొహం మీదే ఉంది. పాపం, మర్యాద మనిషి. అందులో అబద్ధం లేదు. ఆయనకి నన్ను అవమానించాలని లేదు, చెప్పులు బాగవ్వాలని మాత్రమే ఉంది. అందుకే నాకు ఇంకా మండింది.

"ఏవుందండీ," అన్నారు చివరికి. "ఎంతైనా చదువుకున్నోరు కదా, ఏ పన్జేసినా నీటుగా చేస్తారు అందావనుకున్నానండీ."

"ఆయ్," అన్నాను. "వస్తానండీ."

ఇంటికొచ్చేసరికి నాన్నగారు అక్కడే కూర్చుని ఉన్నారు. నా వట్టి చేతులు చూశారు.

"ఇచ్చేసేవా?"

"ఇచ్చేసేనండీ."

"ఏవన్నాడు?"

"ఎంతైనా చదువుకున్నవాళ్ళం కదా, నీటుగా చేస్తామన్నారండి."

నాన్నగారు నవ్వారు. భుజాలు కదిలేలా, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేలా నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. నవ్వడం అయ్యాక బల్ల మీదున్న ఆ బెరడు తోలు దగ్గరికి లాక్కుని, మొహం దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"తంగేడు చెక్క వాసన," అన్నారు. "మా నాన్న ఒంటి మీద ఎప్పుడూ ఇదే. తలకి పోసుకున్నా పోయేది కాదు. హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు నేను దూరంగా పడుకునేవాణ్ణి. సబ్బు వాసన అలవాటైపోయింది కదా." తోలు ఒళ్ళో పెట్టుకున్నారు. "పెద్ద వీధిలో అందరికీ ఆయనే కుట్టేవాడు. వాళ్ళ కాళ్ళు ముట్టుకుని కొలత తియ్యకూడదు. అందుకని వాళ్ళని ఇసకలో ఒక అడుగు వెయ్యమనేవాడు. వాళ్ళు పక్కకి జరిగేక పుల్లతో కొలుచుకునేవాడు. ఒక్క జత బిగుతయ్యేది కాదురా."

"మీకు కుట్టలేదాండీ?"

"మాకెందుకు? కుడితే మాత్రం వేసుకుని ఎక్కడికెళ్తాం, ఆ వీధిలోకా? అందరికీ కుట్టినోడు ఆయనే వట్టికాళ్ళతో తిరిగేడు. అలాగే పోయేడు."

ఈ మాటలు చెప్తూ ఆయన ఏడవలేదు. తోలు అంచుని బొటనవేలితో రాస్తూ ఉన్నారు, అంతే. ఆయన ఇన్నాళ్ళూ అసహ్యించుకున్నది ఈ వాసననని నేననుకున్నాను. కాదు. దానికి దూరంగా పడుకున్న సిగ్గుతో, ఆ తర్వాత ఎప్పటికీ దగ్గరికి రాలేకపోయారు. నాకది అప్పుడు తెలిసింది.

నాన్నగారు కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి, కాన్వాసు బూటు తాడు విప్పడం మొదలుపెట్టారు.

"నాకో జత కుట్టు," అన్నారు.

"నాకు రాదండీ. పర్సులే వచ్చు."

"నేర్చుకో. ఆ ఫోన్లో ఉండదా? అది కుట్టేదాకా ఎక్కడికీ వెళ్ళను. చెల్లికి ఫోన్ చేసి కారు వద్దని చెప్పు."

అట్టముక్క తెచ్చి నేల మీద పరిచాను. పెన్సిలు పట్టుకుని కింద కూర్చున్నాను. ఆయన కుడికాలు అట్ట మీద పెట్టారు. మేజోడు గుర్తులు పడిన తెల్లటి పాదం. ఎండ ఎరగని పాదం. వేళ్ళు బూటులో నలిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆ కాళ్ళు ఇంత ముసలివయ్యాయని నాకు తెలియదు. మా ఇంట్లో ఒకరినొకరు ముట్టుకునే అలవాటు లేదు. పెన్సిలు పాదానికి తగలకుండా, కాస్త దూరంగా గీత మొదలుపెట్టాను. కాలు కదిలిపోయింది. చెరిపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ కదిలింది.

"సాయంత్రమే తీసుకోవాలి కొలత," అన్నారు పైనుంచి. "పొద్దున తీస్తే బిగుతవుతుంది, పొద్దు వాలేసరికి కాళ్ళు వాస్తాయి. మా నాన్న అనేవాడు." నా పెన్సిలు వైపు చూశారు. "అలా దూరం నుంచి గీస్తే రాదురా. పట్టుకో. నా కాలు నువ్వు ముట్టుకోవచ్చు."

ఎడంచేత్తో మడమ పట్టుకున్నాను. చల్లగా ఉంది, ఎముక చేతికి తగులుతోంది. బొటనవేలి దాకా గీసి, చిన్న వేళ్ళ వైపు తిరిగేసరికి ఏడుపు వచ్చేసింది. మా ఆవిణ్ణి పెట్టెలో పడుకోబెట్టి మూత వేసినప్పుడు రానిది, అప్పుడొచ్చింది. ఆయన కాలు తీసుకోలేదు. నా తల మీద చెయ్యీ వేయలేదు. రెండో కాలికి గీసిన గీత బాగా వంకర పోయింది. ఆ వంకర గీతకే తోలు కత్తిరించాను.